మూడు రూపాయల వడ్డీ అంటే ఎంత శాతం?

ఏడో తరగతి గణితంలో బారువడ్డీ పాఠం వస్తుంది. 5,000 రూపాయలకు ఏడాదికి 8 శాతం చొప్పున రెండేళ్ల వడ్డీ ఎంత అని అడిగితే, సూత్రం గుర్తున్న పిల్లలు నిమిషంలో 800 అని చెప్పేస్తారు. అదే పిల్లల ఇంటి మీద ఉన్న అప్పు మాత్రం శాతాల భాష మాట్లాడదు. అక్కడ మాట ‘నూటికి మూడు’. నెలకు అని ఎవరూ విడిగా చెప్పరు, అందరికీ తెలిసిందే కాబట్టి. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. బడిలో ఎనిమిది శాతం లెక్క తప్పు లేకుండా చేసిన అమ్మాయి, సాయంత్రం ఇంట్లో ‘మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాం’ అన్న మాట విని, మూడు అంటే ఎనిమిది కంటే తక్కువే కదా అనుకునే ప్రమాదం ఉంది. ఈ రెండు లెక్కల పద్ధతీ ఒకటేనని ఆమెకు చెప్పే పాఠం పుస్తకంలో లేదు. ఇంట్లో చెప్పేవారూ తక్కువే.

వలస కుటుంబాల పిల్లలకు డబ్బు నిర్వహణ నేర్పడం అనే విషయాన్ని ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. సాధారణంగా పిల్లలకు డబ్బు గురించి చెప్పే కార్యక్రమాలన్నీ పొదుపుతో మొదలవుతాయి. మట్టి హుండీ, పాకెట్ మనీ, అవసరానికీ కోరికకూ తేడా, బ్యాంకు ఖాతా, ఇదీ వరస. నెలనెలా జీతం వచ్చే ఇంటికి ఆ వరస బాగానే సరిపోతుంది. ఆ ఇంట్లో ముందు సంపాదన వస్తుంది, ఖర్చు దాని వెనకాల నడుస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే ఇంట్లోనూ, నారాయణపేట వైపు నుంచి ముంబయి, పుణె నిర్మాణ పనులకు వెళ్లే ఇంట్లోనూ, ఆదోని, కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి గుంటూరు మిరప కోతలకు వెళ్లే ఇంట్లోనూ వరస తలకిందులు. అక్కడ ముందు వచ్చేది అప్పో అడ్వాన్సో. పని దాని తర్వాత. సంపాదన అన్నిటికన్నా చివర వస్తుంది, అదీ మిగిలితే. ఇక పొదుపు అంటారా, ఆ ఇంటి ఆడవాళ్లు ఉప్పూ పప్పూ దగ్గర చూపే పొదుపు ముందు ఏ పాఠ్యాంశమూ నిలవదు. వాళ్లకూ వాళ్ల పిల్లలకూ ‘వృథా చేయకండి’ అని బోధించడం అన్యాయం. వాళ్లకు కావలసింది వేరు: అప్పును చదవడం, పద్దు రాయడం, లెక్క అడగడం.

గల్ఫ్ ఇంటి లెక్కనే కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే పిల్లలకు నేర్పదగిన గణితమంతా అందులో ఉంది. ఉదాహరణకు ఒక తండ్రి ఏజెంటుకు కట్టడానికి 1,50,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీ 4,500. జీతం 1,000 రియాళ్లు, రియాల్ 22 రూపాయలు అనుకుంటే 22,000. తిండి, ఫోను, ఇతర ఖర్చులకు 300 రియాళ్లు పోతే ఇంటికి వచ్చేది 15,400. అందులో వడ్డీ తీసేస్తే 10,900. అసలు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. రెండేళ్ల ఒప్పందం అయ్యేసరికి కట్టిన వడ్డీ 1,08,000. ఒకవేళ మొదటి నెలలు జీతం ఆగిపోయి, వడ్డీ కట్టలేక మూడేళ్లు గడిస్తే? ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి ఆ లోపే అప్పిచ్చినవారు నోటు తిరగరాయిస్తారు. వడ్డీ 1,62,000 అసలులో కలిసి కొత్త నోటు మీద 3,12,000 అవుతుంది. ఆ రోజు నుంచి నెల వడ్డీ 9,360. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ అని చదివేది ఇదే. పుస్తకంలో అది బ్యాంకులో పెరిగే డిపాజిట్టుగా కనిపిస్తుంది, ఊళ్లో తిరగరాసిన నోటుగా కనిపిస్తుంది. రెండింటికీ సూత్రం ఒకటేనని ఒక్కసారి చేసి చూపిస్తే పిల్లలు జీవితంలో మరచిపోరు.

ఇందులో ఇంకో లెక్క ఉంది. దేశంలో లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు మించకూడదని, దాని మీద జీఎస్టీ అదనమని నిబంధన. అంటే 18 శాతం కలిపితే 35,400. అదే మూడు రూపాయల వడ్డీకి ఆ మొత్తమే తెచ్చినా నెలకు 1,062 రూపాయలు సరిపోతాయి. 4,500కూ 1,062కూ మధ్య ఉన్న తేడా తండ్రి కష్టంలోంచి ప్రతి నెలా జారిపోతున్న సొమ్ము. వైద్య పరీక్షలు, ప్రయాణం వంటి ఖర్చులు విడిగా కలిపి చూసినా ఆ తేడా పూర్తిగా పూడదు. పదమూడేళ్ల పిల్లవాడికి ఈ తీసివేత చేయడం కష్టం కాదు. ఈ తీసివేత తెలిసిన పిల్లవాడు, పదేళ్ల తర్వాత తానే పాస్‌పోర్టు పట్టుకుని ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు రసీదు అడుగుతాడు, లైసెన్సు నంబరు అడుగుతాడు.

వడ్డీని కొలవడానికి తెలుగు పిల్లలకు ఒక మంచి కొలబద్ద ఇంట్లోనే ఉంది: పావలా వడ్డీ. మహిళా సంఘాల రుణాలకు సంబంధించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ మాట ఇంటింటికీ చేరింది. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు పావలా, అంటే 25 పైసలు, ఏడాదికి 3 శాతం. మూడు రూపాయల్లో పావలాలు పన్నెండు. అదే లక్షన్నరకు పావలా వడ్డీ అయితే నెలకు 375 రూపాయలు, మూడు రూపాయల వడ్డీ అయితే 4,500. శాతం, సూత్రం అనే మాటలకు భయపడే అమ్మమ్మకు కూడా ఈ పోలిక అర్థమవుతుంది. పిల్లలకు శాతాలు నేర్పి తర్వాత ఊరి వడ్డీకి రావడం కంటే, ఊరి వడ్డీతో మొదలుపెట్టి పన్నెండుతో హెచ్చవేసి శాతానికి వెళ్లడం సులువైన దారి. ఉపాధ్యాయులు ఒక్క పీరియడ్ ఇటు మళ్లిస్తే చాలు, కొత్త పాఠ్యపుస్తకం అవసరం లేదు.

ఇటుక బట్టీల దగ్గర లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి కొత్త పంట పండుగ నువాఖాయి తర్వాత, కూలీలను కుదిర్చే సర్దార్ల ద్వారా అడ్వాన్సు తీసుకుని వేలాది కుటుంబాలు తెలంగాణ బట్టీలకు వస్తాయి. చలికాలం మొదట్లో వచ్చి వానలకు ముందు తిరిగి వెళతాయి. ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడు కలిసి ఒక జట్టుగా లెక్కకు రావడం అక్కడ పాత అలవాటు. అంటే అడ్వాన్సు మాట్లాడిన రోజే పిల్లవాడి చేతులు కూడా లెక్కలో పడిపోయాయి. డబ్బు గురించి ఆ పిల్లవాడికి ఏమీ తెలియదని ఎవరైనా అంటే నమ్మకూడదు. తన చేతుల మీద అప్పు ఉందని వాడికి తెలుసు. ఎంతో, ఎప్పుడు తీరుతుందో మాత్రం తెలియదు.

ఊహించిన అంకెలతో ఒక సీజను లెక్క వేద్దాం. అడ్వాన్సు 50,000. వెయ్యి ఇటుకలకు 500 రూపాయలు. రోజుకు వెయ్యి ఇటుకలు, వారానికి ఆరు రోజులు, 25 వారాలు పని చేస్తే లక్షన్నర ఇటుకలు, అంటే 75,000 రూపాయల పని. మధ్యలో తిండికి వారానికి 1,200 చొప్పున ఇచ్చింది 30,000. అడ్వాన్సూ తిండి డబ్బులూ కలిపి 80,000. సీజనంతా మట్టి పిసికి, ఎండలో వంగి పని చేసిన కుటుంబం చివర 5,000 బాకీతో తేలుతుంది. ఆ బాకీ వచ్చే ఏటి అడ్వాన్సుకు మొదటి మెట్టు. ఇందులో రోజుకు 50 ఇటుకలు వానకు కరిగాయనో విరిగాయనో కొట్టేస్తే సీజనుకు 7,500 ఇటుకలు, 3,750 రూపాయలు. ఆ కొట్టివేత ఎవరి పుస్తకంలో రాశారు? యజమాని పుస్తకంలోనే. కుటుంబం దగ్గర పుస్తకమే లేదు.

పిల్లలకు పద్దు రాయడం నేర్పితే మారే చోటు ఇదే. రోజుకు ఒక గీత: తేదీ, ఎన్ని ఇటుకలు, ఎన్ని కొట్టేశారు, వారం డబ్బులు ఎంత ఇచ్చారు. పన్నెండేళ్ల పిల్ల ఇది రాయగలదు. రాసినంత మాత్రాన రేటు పెరగదు. అయితే సీజను చివర లెక్క చూసుకునే రోజున ఒక పుస్తకం బదులు రెండు పుస్తకాలు ఉంటాయి. రెండు అంకెలు కలవనప్పుడు అడిగేందుకు చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఎవరైనా అధికారి విచారణకు వస్తే ఆ చిన్న నోటుపుస్తకం సాక్ష్యం అవుతుంది. దీనికి తోడు రెండు విషయాలు ఆ పిల్లలకు తప్పక చెప్పాలి. ఒకటి, 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లదు, దాన్ని తీర్చాల్సిన బాధ్యత లేదు. రెండు, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయిదు వేల బాకీ ఉంది కాబట్టి కదలకూడదని చెప్పే గొంతును ఎదుర్కోవడానికి ఆ పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే పాఠం మరొకటి కనిపించదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంటి అప్పు పిల్లలకు చెబితే వాళ్ల మనసు మీద బరువు పడదా? అప్పు ఎంతో తెలిసిన పదిహేనేళ్ల కుర్రాడు బడి మానేసి పనికి పోతానంటే? ఈ భయం నిజమైనదే. చాలా ఇళ్లలో తల్లిదండ్రులు అప్పు దాచిపెట్టడానికి కారణం సిగ్గు ఒక్కటే కాదు, పిల్లల చదువు ఆగిపోతుందన్న బెంగ కూడా. కానీ దాచిపెట్టినందువల్ల పిల్లలకు తెలియకుండా పోదు. అప్పిచ్చినవారు గుమ్మం ముందు నిలబడి మాట్లాడే తీరు చూసి ఏడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. తెలియనిదల్లా అంకె. అంకె తెలియని అప్పు పిల్లల ఊహలో ఇంకా పెద్దదవుతుంది. వయసును బట్టి చెప్పడం మంచిది. ఎనిమిది, తొమ్మిదేళ్ల వారికి మొత్తం అప్పు చెప్పనక్కరలేదు. నాన్న పంపిన డబ్బు ఇంటికి వచ్చాక ఎన్ని ముక్కలవుతుందో చూపిస్తే చాలు: కిరాణా, మందులు, ఫీజు, వడ్డీ. పన్నెండు దాటిన వారికి అసలు, వడ్డీ, నోటు తేదీ చెప్పవచ్చు. చెప్పేటప్పుడు ఇది తీర్చాల్సింది నువ్వు కాదు అన్న మాట అంతకంటే స్పష్టంగా చెప్పాలి.

ఆ మాటకు చట్టం అండ కూడా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు కాబట్టి పిల్లల చేత ఏ నోటు మీద సంతకం పెట్టించినా అది వాళ్లను కట్టిపడేయదు. తండ్రి చనిపోతే ఆయన వదిలిన ఆస్తి మేరకే వారసులు ఆయన అప్పుకు జవాబుదారులు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత సూత్రం ఒక్కదాన్నే పట్టుకుని, కొడుకుల మీద, మనవళ్ల మీద దావా వేయడానికి వీలు లేకుండా 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం ఆపేసింది, ఆ చట్టం వచ్చాక చేసిన అప్పులకు ఇది వర్తిస్తుంది. గల్ఫ్ నుంచి శవపేటిక వచ్చిన ఇంట్లో, కర్మకాండ కూడా కాకముందే అప్పుల వాళ్లు వచ్చి పెద్దకొడుకును నిలదీసే సందర్భాల్లో ఈ ఒక్క వాక్యం తెలిసి ఉండటం ఎంత ధైర్యమో చెప్పలేం. అదే కోవలో ఇంకొకటి: ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి అయిన పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా. పాలసీ పత్రం నకలు ఇంట్లో ఎక్కడుందో అమ్మకూ, చదువుకునే పెద్దపిల్లకూ తెలియకపోతే ఆ బీమా ఉండీ లేనట్టే.

పిల్లలకు డబ్బు పాఠం చెప్పాలా వద్దా అన్న చర్చ ఒక విధంగా ఆలస్యమైపోయింది, ఎందుకంటే ఈ ఇళ్లలో పిల్లలే ఇప్పటికే గుమస్తాలు. నాన్న విదేశంలో, అమ్మ పొలంలో లేదా తనూ కువైట్‌లో, ఇంట్లో నాయనమ్మ. డబ్బు పడ్డ సందేశం వస్తే చదివేది మనవరాలు. ఏటీఎం పిన్ గుర్తుంచుకునేది మనవడు. బ్యాంకులో ఫారం నింపేది, ఫోనులో చెల్లింపులు చేసేది వాళ్లే. ఇంత బాధ్యత మోస్తున్న పిల్లలకు ఎవరూ ఒక్కరోజు శిక్షణ ఇవ్వలేదు. వాళ్ల చేతిలోంచి పిన్ బయటికి పోతే, కేవైసీ పేరుతో వచ్చిన లింకు నొక్కితే, పోయేది ఒక నెల జీతం. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోను చేయాలన్నది నాయనమ్మ కంటే మనవరాలికి ముందు తెలియాలి. తక్షణ రుణ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగిన 2020 డిసెంబరును మరవకూడదు. అప్పుకు అలవాటు పడిన ఇంట్లో, పత్రం లేకుండా అయిదు నిమిషాల్లో వచ్చే అప్పు కౌమారంలో ఉన్న కుర్రాడికి సాయంలాగే కనిపిస్తుంది.

పిల్లల పేరు మీద ఖాతా సంగతి. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో వాటిని మరోసారి స్పష్టం చేసింది, తల్లిని సంరక్షకురాలిగా పెట్టుకోవడానికీ వీలుంది. కాగితం మీద ఇది సులువు. తల్లిదండ్రులిద్దరూ వలసలో ఉన్న పిల్లకు ఆధార్‌లో ఒక ఊరు, బడి రికార్డులో మరో ఊరు, పక్కన ఉన్న నాయనమ్మకు సంరక్షకురాలిగా ఏ పత్రమూ ఉండదు. వలసకు బయలుదేరే ముందే, అందరూ ఊళ్లో ఉన్న పండుగ రోజుల్లో ఈ పని పూర్తి చేయించాలి. బడి దీనికి రెండు రోజులు కేటాయించినా సరిపోతుంది.

నేర్పే చోటు విషయంలో ఢిల్లీ వీధి బాలల అనుభవం ఆలోచింపజేస్తుంది. చిత్తుకాగితాలు ఏరి, బండ్ల దగ్గర పని చేసి సంపాదించే పిల్లలు అక్కడ ఏ రోజు డబ్బు ఆ రోజే ఖర్చు చేసేసేవారు. దుబారా వల్ల కాదు, రాత్రి నిద్రపోతే పెద్దవాళ్లు లాక్కుంటారన్న భయం వల్ల. డబ్బు దాచుకునే చోటే లేని పిల్లలకు పొదుపు బోధించి ప్రయోజనం ఏముంటుంది? బటర్‌ఫ్లైస్ అనే సంస్థ 2001లో పిల్లలే నడిపే ఒక చిన్న బ్యాంకును వాళ్లతో మొదలుపెట్టించింది. మేనేజరును పిల్లలే తమలోంచి ఎన్నుకుంటారు, పాస్‌బుక్కు వాళ్లే రాస్తారు, పెద్దలు పక్కన ఉండి చూస్తారు. తర్వాత అది ‘ఖజానా’ పేరుతో ఇతర చోట్లకూ వెళ్లింది. ఒకప్పుడు మన ఉన్నత పాఠశాలల్లో సంచయిక పేరుతో ఇలాంటిదే ఉండేది. ఈ రెండింటిలో పనికొచ్చేది పోగైన సొమ్ము కాదు. జమ ఒకరు రాయడం, మరొకరు సరిచూడటం, తేడా వస్తే అందరి ముందు నిలబడి లెక్క చెప్పడం, ఆ అలవాటు. అయితే ఎవరు ఎక్కువ దాచారో పోటీ పెట్టి బహుమతులిచ్చే పద్ధతి మాత్రం వలస పిల్లల దగ్గర పనికిరాదు. గల్ఫ్‌లో ఉద్యోగం నిలకడగా ఉన్న ఇంటి పిల్లవాడికీ, తండ్రి జైలు శిక్షో జీతం బకాయో పడి తిరిగొచ్చిన ఇంటి పిల్లకూ ఒకే బల్ల మీద పోటీ పెట్టడం క్రూరం.

తెలుగు రాష్ట్రాల్లో ఇందుకు సిద్ధంగా ఉన్న చోట్లు ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్లు. తల్లిదండ్రులు పనికి వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి పెట్టినవి. బట్టీల దగ్గర ఒడియాలో బోధించే పనిస్థల పాఠశాలలు కూడా అలాంటివే. రాచకొండ పోలీసు కమిషనరేట్ 2017 నుంచి వాటికోసం చొరవ తీసుకుంది. భాష సంగతి ఇక్కడ ప్రధానం. వడ్డీ, బాకీ, అడ్వాన్సు, కొట్టివేత అనే మాటలు పిల్లవాడి ఇంటి భాషలో నేర్పకపోతే, లెక్క వచ్చినా వాడు దాన్ని తల్లికి చెప్పలేడు. తల్లికి చేరని లెక్క సర్దార్ ముందు పనికిరాదు.

సీజనల్ హాస్టల్లో ఉన్న ఒక ఏడో తరగతి పిల్ల దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటే దానిలో ఏముండాలో ఊహించడం కష్టం కాదు. మొదటి పేజీలో అమ్మానాన్న తీసుకున్న అడ్వాన్సు, తేదీ, ఇచ్చిన మేస్త్రీ పేరు, ఫోను నంబరు, పని జరిగే ఊరు. తర్వాతి పేజీల్లో ఆదివారం ఆదివారం ఫోనులో అమ్మ చెప్పిన అంకెలు: ఈ వారం ఎన్ని రోజులు పని, చేతికి ఎంత, ఎంత మిగిలింది. చివర రెండు పేజీలు ఖాళీ. ఉగాది దాటాక గుంపు తిరిగొచ్చి, మేస్త్రీ అరుగు మీద కూర్చుని ఎవరి లెక్క వారికి చదివి వినిపించే సాయంత్రం అవి నిండుతాయి. ఇంతవరకూ ఆ అరుగు ముందు పిల్లలు ఆడుకుంటూ ఉండేవారు, పెద్దలు తలలూపేవారు. ఆ సాయంత్రం అమ్మ పక్కన ఆ పిల్ల కూడా పుస్తకం తెరిచి కూర్చుంటుంది.